కీచకుడికి ఎనిమిది, తాతకు మూడు

పాఠకురాలి ఉత్తరం: నా వయసు అరవై రెండు. సినిమా హాలుకు వెళ్ళడం మానేసి చాలా ఏళ్ళయింది. మధ్యాహ్నం పనులు తెమిలాక టీవీలోనో ఫోనులోనో పాత సినిమాలు చూస్తాను. ఈ ఏడాది ఎస్.వి. రంగారావు నటించినవే చూడాలని పెట్టుకున్నాను. ఒక్కొక్కటీ పూర్తికాగానే నోటుపుస్తకంలో ఆయన పాత్రకు పదికి ఇన్ని అని మార్కులు వేసి, పక్కన రెండు ముక్కలు రాసుకుంటున్నాను. ‘మాయాబజార్’ ఘటోత్కచుడికి పది, ‘పాతాళభైరవి’ మాంత్రికుడికి తొమ్మిదిన్నర, ‘నర్తనశాల’ కీచకుడికి ఎనిమిది, ‘మిస్సమ్మ’ జమీందారుకు ఐదు, ‘గుండమ్మ కథ’లో తండ్రికి నాలుగు, ‘తాత మనవడు’లో తాతకు మూడు వేశాను. మొన్న మా మరిది ఆ పుస్తకం తిరగేసి, ‘విశ్వనటచక్రవర్తికి మూడు మార్కులు వేయడానికి మనమెవరం వదినా?’ అన్నాడు. వేళాకోళానికే అన్నాడు గాని నాకు గుచ్చుకుంది. నటన గురించి ఏమీ చదువుకోని నాలాంటివాళ్ళు అభిప్రాయం రాయవచ్చా? ఒకదానికొకటి పొంతన లేని వేషాలను ఒకే కొలతతో కొలవడం తప్పా? ‘వివాహ భోజనంబు’ పాటలో ఆ నవ్వు ఆయనదేనా? దయచేసి తెలియజేయగలరు.

సమాధానం: మీ నోటుపుస్తకాన్ని అటక మీదికి చేర్చవలసిన అవసరమేమీ లేదు. మీ మరిదిగారు వాడిన బిరుదు జనం ఆయన సినిమాలు చూసి, మెచ్చి ఇచ్చినదే. చూసేవారి నోరు మూయించడానికి దాన్ని వాడుకోవడం ఆ బిరుదుకే చిన్నతనం. కాబట్టి రాయవచ్చా అన్న సందేహం వదిలేయండి. మీరు వేసిన మార్కుల వరుస చూసినప్పుడు మాత్రం నాకు వేరే ఒక సంగతి కనిపించింది, అది మీకు చెప్పవలసినది.

మీ జాబితాలో ఎనిమిదో, అంతకు పైనో వచ్చిన పాత్రలన్నిటికీ గడ్డమో, కిరీటమో, గదో ఉంది. ఐదుకో, అంతకు కిందికో దిగినవన్నీ పంచె కట్టుకుని కండువా వేసుకున్న గృహస్థులు. మీకు తెలియకుండానే మార్కులలో కొంత భాగం వేషానికి పడిపోయిందని నా అనుమానం. ఇందులో మీ తప్పు పెద్దగా లేదు, ఎందుకంటే రంగారావు ఆకారం, కంఠం రెండూ వేషానికి అంతగా అతుక్కునేవి. ఘటోత్కచుడి గద ఇంకొకరి భుజాన అట్టతో చేసినట్లు కనిపిస్తుందేమో గాని ఆయన భుజాన ఇనుములాగే కనిపిస్తుంది. అదే మనిషి కండువా దులుపుకుని వాలుకుర్చీలో కూర్చుంటే, ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నాడని అనుకుంటాము. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

ఆయన వచ్చిన దారి ఒకసారి గుర్తు చేసుకుంటే ఈ విషయం కొంత తేలికవుతుంది. 1918లో నూజివీడులో పుట్టిన రంగారావు కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలలో రాటుదేలారు. ప్రవరాఖ్యుడిగా వేసిన తొలి చిత్రం ‘వరూధిని’ ఆడకపోవడంతో జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా సంస్థలో ఉద్యోగం చేసుకున్నారు. తిరిగివచ్చిన తరువాత విజయా వారి మొదటి మూడు చిత్రాలలోనూ ఆయన ఉన్నారు: 1950లో ‘షావుకారు’లో సున్నం రంగడనే వీధిరౌడీ, 1951లో ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు, 1952లో ‘పెళ్ళిచేసి చూడు’లో ధూపాటి వియ్యన్న. చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా వినిపించేలా మాట్లాడడం నేర్చిన రంగస్థల నటుడు కెమెరా ముందుకు వచ్చాక అవసరమైనచోట ఆ గొంతును సగానికి, పావుకు తగ్గించుకోవడం నేర్చుకున్నారు. ‘పాతాళభైరవి’ నాటికి ఆయనకు నిండా ముప్పై మూడేళ్ళు లేవు. ఆ మాంత్రికుడిలో మీరు చూసినది గొంతు పెంచిన రంగారావును. మీరు ఐదుకు కింద మార్కులు వేసినచోట ఉన్నది గొంతు తగ్గించిన రంగారావు. పెంచడం ఎవరికైనా వెంటనే కనిపిస్తుంది, తగ్గించడం కనిపించాలంటే కాస్త వెతుక్కోవాలి.

ఎక్కడ వెతకాలంటే, ఆయన మాట్లాడుతున్నప్పుడు కాదు, ఎదుటివారు మాట్లాడుతున్నప్పుడు. మీ రెండవ ప్రశ్నకు కూడా నా సమాధానం ఇదే. వేషాలకు పొంతన లేకపోయినా కొలత ఒకటి దొరుకుతుంది: ఈ పాత్రలో ఈయన ఎదుటి మనిషి మాటను ఎలా వింటున్నాడు, విన్నాక ఆ మనిషి ముందు తన ఒళ్ళును ఎలా పెట్టుకుంటున్నాడు? ఈ ఒక్క ప్రశ్న ఘటోత్కచుడినీ అడగవచ్చు, గుండమ్మకు వియ్యంకుడైనవాడినీ అడగవచ్చు.

మీరు చూసిన సినిమాలలోనే ఇందుకు చక్కని వీలు ఉంది, ఎందుకంటే ఆయన ఎదుట నిలబడినవారు చాలాసార్లు వాళ్ళే. ఋష్యేంద్రమణి 1955లో ‘మిస్సమ్మ’లో ఆయనకు భార్య, రెండేళ్ళకు ‘మాయాబజార్’లో సుభద్రగా ఆయనకు పినతల్లి. అడవిలో దారి కాచి, కొండలు దద్దరిల్లేలా గర్జించిన ఘటోత్కచుడు, ఎదుట ఉన్నది సుభద్ర అని తెలిసిన మరుక్షణం ఏమవుతాడో మళ్ళీ ఒకసారి చూడండి. ఆకారం అంతే ఉంటుంది, గద అంతే ఉంటుంది, గొంతు మాత్రం తప్పు చేసి అమ్మకు దొరికిపోయిన పిల్లవాడిదవుతుంది. మీ పది మార్కులలో కనీసం నాలుగు ఆ మలుపుకే వేయవచ్చునని నా లెక్క. సూర్యకాంతం సంగతి ఇంకా విచిత్రం. ఆమె ఆయనకంటే ఆరేళ్ళు చిన్న. ‘మాయాబజార్’లో హిడింబిగా ఆయనకు తల్లి, ‘గుండమ్మ కథ’లో వియ్యపురాలు. తనకంటే చిన్నదైన నటి ముందు కొడుకుగా ఒదిగిన మనిషి, అయిదేళ్ళ తరువాత అదే నటి గయ్యాళితనానికి తిరుగులేని ఎత్తు వేసే పెద్దమనిషి అయ్యారు. రెండుచోట్లా మనకు అనుమానం రాలేదు.

అన్నిటికంటే మంచి వరుస సావిత్రితో దొరుకుతుంది. మీకు ఓపిక ఉంటే ఈ ఐదింటినీ విడుదలైన వరుసలోనే చూడండి. ‘మిస్సమ్మ’ (1955)లో ఆమె, ఆయన చిన్నప్పుడే తప్పిపోయిన కూతురు. ‘మాయాబజార్’ (1957)లో ఏకంగా ఆయనే ఆమె రూపంలోకి వెళ్తాడు, అంటే సావిత్రి రంగారావును నటించవలసి వస్తుంది. ‘గుండమ్మ కథ’ (1962)లో ఆమె కోడలు. ‘నర్తనశాల’ (1963)లో ఆమె సైరంధ్రి, ఆయన కీచకుడు. ‘పాండవ వనవాసం’ (1965)లో ఆమె ద్రౌపది, ఆయన దుర్యోధనుడు. పదేళ్ళలో ఒకే నటిని ఆయన కూతురిగా, కోడలిగా చూశారు, కన్నువేసిన ఆడదానిగా చూశారు, పగతో అవమానించవలసిన రాణిగా కూడా చూశారు. ఆ చూపులలో ఏ రెండూ ఒకటి కావు. మీరు జమీందారుకు ఐదు, కీచకుడికి ఎనిమిది వేశారు గాని, కీచకుడి చూపును అంత భయంకరంగా చేసినవాడే జమీందారు చూపులో ఒక్క మచ్చ కూడా లేకుండా చూసుకున్నాడన్న సంగతి లెక్కలోకి రాలేదు.

మాయా శశిరేఖ ఘట్టం దగ్గర ఒక్క నిమిషం ఆగాలనిపిస్తుంది. పెళ్ళిపీటల మీద రేలంగి లక్ష్మణకుమారుడి కాలిని శశిరేఖ తొక్కినప్పుడు మనం పగలబడి నవ్వుతాము. తెర మీద ఉన్నది సావిత్రి, కాని మనం నవ్వుతున్నది రంగారావును చూసి. భుజాలు విరవడం, కనుబొమ ఎగరేయడం, నడకలో ఆ బరువు, ఇవన్నీ ఇంకొక నటి అందిపుచ్చుకునేంత స్పష్టంగా ఆయన ముందే గీసిపెట్టారు. ఒక నటుడు తెర మీద లేనప్పుడు కూడా ఆ పాత్ర గుర్తుపట్టేటట్లు మిగిలిందంటే, దానికి మీ పుస్తకంలో ఒక అంకె కంటే ఎక్కువే రాసుకోవాలి. సావిత్రికి కూడా పక్కన వేరే మార్కులు వేయండి.

కీచకుడికి రెండు మార్కులు ఎందుకు తగ్గించారో మీరు రాయలేదు. పాత్ర మీద అసహ్యంతో తగ్గించి ఉంటే ఆ రెండూ తిరిగి ఇచ్చేయండి, అసహ్యం పుట్టించడమే అక్కడ ఆయన పని. జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి ఆయనకు వచ్చింది ఈ పాత్రకే. తెలుగు ముక్క తెలియని న్యాయనిర్ణేతలకు ఆ సమాసాలు, ఆ చమత్కారాలు ఎంతవరకు అందుతాయి? వాళ్ళకు అందినది ఆ కళ్ళు, ఆ నడక. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో ఆయన కీచకుడిని అరిచే రాక్షసుడిగా కాక, అడిగినది దొరకకపోవడమంటే ఏమిటో ఎన్నడూ ఎరగనివాడిగా చేశారు. రాణి తమ్ముడు, సేనాని, విరాటుడంతటివాడిని కూడా లెక్కచేయనివాడు. అలాంటివాడు తొందరపడడు. సైరంధ్రి ఎదుటికి వచ్చినప్పుడు ఆ భారీ మనిషి గొంతు మెత్తబడుతుంది, రెప్పలు సగం వాలతాయి, మాటకు మాటకు మధ్య ఎడం పెరుగుతుంది. ఆ మెత్తదనానికే మనకు ఒళ్ళు జలదరిస్తుంది. రెండేళ్ళ తరువాత అదే దర్శకుడి చేతిలో దుర్యోధనుడైనప్పుడు ఆ మెత్తదనం పూర్తిగా పోయి మాట కొరడాలాగా వస్తుంది. ఒకడిది కామం, ఇంకొకడిది ఈర్ష్య, ఎదుట ఉన్నది మాత్రం అదే సావిత్రి. ఈ రెండింటినీ వెంటవెంటనే చూస్తే మీరు నాకు ఇంకొక ఉత్తరం రాస్తారు.

ఇక మీ నాలుగు మార్కుల తండ్రి. ‘గుండమ్మ కథ’ విడుదలైన 1962 జూన్ నాటికి రంగారావుకు నలభై మూడేళ్ళు, ఎన్.టి. రామారావుకు ముప్పై తొమ్మిది, అక్కినేనికి ముప్పై ఏడు. అయిదారేళ్ళు మాత్రమే చిన్నవాళ్ళైన ఇద్దరు అగ్రనటులకు, అప్పటికే ఇంటింటా పూజలందుకుంటున్నవాళ్ళకు, ఆయన తండ్రిగా కనిపించాలి. జుట్టుకు తెల్లరంగు ఎవరైనా పూస్తారు. ఆ ఇద్దరూ గదిలోకి రాగానే మన కళ్ళకు వాళ్ళు కొడుకులుగా కనిపించడానికి కారణం వాళ్ళ వినయంతో పాటు ఆయన కూర్చున్న తీరు కూడా. పెద్దరికం నిరూపించుకోవాలన్న ఆత్రం ఆయనలో ఎక్కడా ఉండదు. గొంతు పెంచి ఒక్కసారి అదిలించి ఉంటే, తండ్రి వేషం వేసిన నడివయసువాడు బయటపడిపోయేవాడు. ఆ పాత్రకు సన్నివేశాలు తక్కువ, నిజమే. గుండమ్మ ఉన్న ఇంట్లో ఇంకెవరికైనా ఎక్కువ చోటు దొరుకుతుందా? నా మాట విని నాలుగును తొమ్మిది చేయనవసరం లేదు. ఏడు దాకా రావచ్చునని మాత్రం బేరం పెడుతున్నాను.

‘మిస్సమ్మ’ జమీందారు విషయంలో నా కళ్ళు తెరిపించినది ఒక పాడైపోయిన టీవీ. ఒకసారి సినిమా మధ్యలో శబ్దం పోయింది, బొమ్మ మాత్రం వస్తోంది. లేచి బాగుచేయడానికి బద్ధకించి అలాగే చూస్తూ కూర్చున్నాను. మాటలు లేకపోవడంతో జమీందారు ముఖం మొదటిసారి సరిగా కనిపించింది. మేరీ పాత్రలో ఉన్న సావిత్రి విసుక్కుంటుంది, ముఖం తిప్పుకుంటుంది, భార్యాభర్తలుగా నటించలేక రామారావుతో కీచులాడుతుంది. ఆ పెద్దమనిషికి ఇవన్నీ చిన్నపిల్ల అలకల్లాగే కనిపిస్తాయి. ఆమె ఏం చేసినా ఆయన ముఖంలో ముందు వచ్చేది సంబరమే. ఆ సినిమాలో హాస్యమంతా ఆ నమ్మకం మీద నిలబడింది. జమీందారు ఒక్క క్షణం అనుమానపు చూపు చూస్తే చాలు, ఆ దొంగకాపురం నవ్వు పుట్టించడం మానేసి భయం పుట్టిస్తుంది. మీరు కూడా ఏదైనా ఒక పది నిమిషాలు శబ్దం తీసేసి చూడండి. హాలులో కూర్చున్నవాడికి ఈ సౌకర్యం లేదు. ఆపుకోవడం, వెనక్కి తిప్పుకోవడం, మాట తీసేసి చూడడం, ఇవన్నీ ఇంట్లో చూసేవారికి దొరికిన వరాలు. ఆ మాటకొస్తే మీ అభిప్రాయానికి విలువ వచ్చేది కూడా అక్కడి నుంచే.

ఇంటి చూపుకు లోటుపాట్లు కూడా ఉన్నాయి, అవి మార్కుల మీద ప్రభావం చూపుతాయి. ఫోను తెర మీద పక్కన నిలబడి వింటున్న మనిషి ముఖం చింతగింజంత ఉంటుంది. అరిచేవాడు మాత్రమే కనిపిస్తాడు. వీలైతే పెద్ద తెర మీదనే చూడండి. టీవీలో ప్రకటనల కోసం సన్నివేశాన్ని మధ్యలో తుంచుతారు, విరామం తరువాత వచ్చేసరికి నటుడు కట్టుకుంటూ వచ్చిన బిగువు మనలో సడలిపోయి ఉంటుంది. ‘మాయాబజార్’కు 2010లో రంగులు అద్ది మళ్ళీ విడుదల చేశారు, నిడివి కూడా కొంత తగ్గించారు. మీరు చూసినది రంగుల ప్రతి అయితే, నలుపు తెలుపుల పూర్తి ప్రతిని కూడా ఒకసారి చూడమని కోరుతున్నాను. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెలుగునీడలను లెక్కపెట్టి అమర్చినది ఆ నలుపు తెలుపుల కోసమే, రంగారావు ముఖం మీద కనుబొమల నీడ పడే తీరు అందులోనే తెలుస్తుంది.

‘తాత మనవడు’కు మీరిచ్చిన మూడు గురించి మిమ్మల్ని మార్చాలని నాకు అంతగా లేదు. 1973 నాటి ఆ చిత్రం దాసరి నారాయణరావుకు దర్శకుడిగా మొదటిది. అప్పటికి కథలు చెప్పే తీరు మారిపోయింది, కష్టాన్ని మాటలలో విప్పి చెప్పడం, ప్రేక్షకుడు కన్నీరు పెట్టేదాకా సన్నివేశాన్ని సాగదీయడం అలవాటయింది. రంగారావు ఆరోగ్యం, వయసు కూడా పాత రోజులవి కావు; మరుసటి సంవత్సరం జూలైలోనే ఆయన కన్నుమూశారు. అక్కడ మీకు ఎక్కువగా అనిపించినది నటనా, రచనా అన్నది విడదీసి చూడండి. ఆయన నోట పెట్టిన మాటలు బిగ్గరగా ఉన్నచోట మార్కులు రచయిత ఖాతాలో తగ్గించాలి. మాటలు ఆగిపోయి, కన్నబిడ్డ నిర్లక్ష్యాన్ని ముసలితండ్రి మింగుకునే క్షణాలను మాత్రమే ఆయన ఖాతాలో వేయండి. అలా చూశాక కూడా మూడే వస్తే మూడే ఉంచండి. నాకైతే ఆ సినిమాలో కొన్నిచోట్ల ఆయన అలసిపోయినట్లు కనిపించారు, ఆ అలసట తాతకు సరిపోయిందా, నటుడిదే బయటపడిందా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.

వేషగాళ్ళకూ గృహస్థులకూ మధ్య మీకు వంతెనగా ఉపయోగపడే సినిమా ఒకటి ఉంది, అది మీ జాబితాలో కనిపించలేదు. ‘మిస్సమ్మ’ వచ్చిన 1955లోనే బి.ఎన్. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘బంగారు పాప’. జైలు నుంచి పగతో తిరిగివచ్చిన కోటయ్య అనే మొరటు మనిషికి దిక్కులేని పసిపాప దొరుకుతుంది. మాంత్రికుడి కర్కశత్వం, జమీందారు వాత్సల్యం రెండూ ఒకే మనిషిలో, ఒకే కథలో, ఒకటి కరుగుతూ ఇంకొకటి అవుతుండగా అందులో చూడవచ్చు. తరువాత ఆయన స్వయంగా దర్శకత్వం వహించిన ‘చదరంగం’ (1967), ‘బాంధవ్యాలు’ (1968) దొరికితే చూడండి. కెమెరా వెనుక నిలబడినప్పుడు ఆయన ఎంచుకున్నది కుటుంబ కథలనే. మీరు ఐదుకు కింద పడేసిన కండువా మనుషుల మీద ఆయనకు ఎంత మమకారమో అక్కడ తెలుస్తుంది.

పుస్తకం గురించి ఒక్క సూచన. అంకె పక్కన మీరు రాసే రెండు ముక్కలలో ‘అద్భుతం’, ‘పాత్రలో జీవించారు’, ‘ఆయనకు ఆయనే సాటి’ అన్న మాటలకు చోటివ్వకండి. అవి ఏ నటుడి కిందనైనా సరిపోతాయి. చూసినది ఒక్కటి రాయండి. ‘సుభద్ర అని తెలియగానే గద దించి నేలచూపులు చూశాడు’ అని రాసుకుంటే, ఆరు నెలల తరువాత తిరగేసినా ఆ సన్నివేశం కళ్ళకు కడుతుంది. మీ మరిదిగారు మళ్ళీ అడిగినప్పుడు అంకెను చేతితో మూసి ఆ వాక్యం చూపించండి, అప్పుడు ఆయన కూడా సినిమా గురించే మాట్లాడవలసి వస్తుంది.

చివరగా ఆ నవ్వు. ‘వివాహ భోజనంబు’ పాడినది మాధవపెద్ది సత్యం, పాటలో వినిపించే ఆ నవ్వులు కూడా ఆ గొంతువే. పద్యాలలోనూ పాటలలోనూ వినిపించే కంఠానికి మార్కులు వేసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మీ పదిలో నుంచి ఒకటి తీసి సత్యంగారికి ఇవ్వాలని మీకు అనిపిస్తే న్యాయమే, కాని అంతకుముందు ఆ పాటను శబ్దం తీసేసి ఒకసారి చూడండి. లడ్డూలు వాటంతట అవి ఎగిరి నోట్లో పడుతున్నప్పుడు, ఆ నవ్వు ఇంకా పెదవుల దాకా రాకముందే, పొట్ట దగ్గర కదలిక మొదలై భుజాల మీదుగా పైకి వస్తుంది.